ఎముక దగ్గరి వాసన

అతన్ని అందరూ ముక్కు మాస్టర్ అనేవాళ్ళు. ముక్కేమీ పెద్దది కాదు. ఇరవై ఆరేళ్ళు మాంసం కాల్చే ఓవెన్ల ముందు నిలబడి, ఒక్కరోజు కూడా టైము చూడకుండా, ఒట్టి వాసనతో పని నడిపిన మనిషి కాబట్టి ఆ పేరు వచ్చింది. కొత్తగా చేరిన వాళ్ళు మొదట్లో నమ్మేవాళ్ళు కాదు. అతను అటు తిరిగి ఎవరితోనో కబుర్లు చెబుతూ, మాట మధ్యలో ఆపి, "అదిగో, రెండో ఓవెన్లో బాతు అయింది" అనేవాడు. తలుపు తీసి చూస్తే సరిగ్గా అయ్యుండేది. ఒక్క నిమిషం ఆగితే మాడేది, ఒక్క నిమిషం ముందైతే తొడ దగ్గర నెత్తురు కనపడేది.

ఆ భోజనశాలలో కాల్చిన మాంసం తప్ప వేరే ఏదీ ఉండదు. కోడి, బాతు, గొర్రె తొడ, పంది భుజం. పక్కన ఉడికించిన బంగాళాదుంపలు, రొట్టె. వెనక వంటింట్లో మూడు ఇనప ఓవెన్లు, ఒక మూల చల్లగది, కిటికీ కింద కూరగాయలు తరిగే బల్ల. ఓవెన్లు మూడూ మాస్టర్‌వే. ఏ మాంసం దారి దానిదని అతను చెప్పేవాడు. కోడి మొదట తడిబట్ట వాసన వేస్తుంది, తరవాత కొవ్వు, ఆఖర్న రొట్టె అంచు వాసన. ఆ మూడోది రాగానే తియ్యాలి. బాతుకి కొవ్వు ఎక్కువ, దాని వాసన గది అంతా పరుచుకుంటుంది, తొందరపడితే మోసపోతాం. పంది భుజం నింపాదిగా కూర్చుని కాలాలి. గొర్రె తొడ సంగతి వేరు. సన్నటి ఇనప పుల్లని ఎముక పక్కగా లోపలికి దింపి, బయటికి లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని చూడాలి. తొడ పైకి ఎంత బాగున్నా, లోపల ఎముక దగ్గర పులిసిపోయి ఉండొచ్చు. ఆ సంగతి పుల్లే చెబుతుంది.

అలాంటి మనిషికి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు మంచం మీదే ఉన్నాడు. ఐదో రోజు పొద్దున కాస్త తేలికపడి, వంటగదిలో పొయ్యి పక్కనే స్టూలు వేసుకుని పేపరు చదువుకుంటున్నాడు. పొయ్యి మీద పాలు పొంగాయి, ఇంకాయి, గిన్నె అడుగు నల్లగా మాడింది. భార్య స్నానం చేసి వచ్చి గుమ్మంలోనే ముక్కు మూసుకుంది.

"ఇల్లంతా కమురు కంపు కొడుతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నారేంటండీ?"

"ఏం కంపు?" అన్నాడు.

ఆమె ముందు వేళాకోళం అనుకుంది. తరవాత మొగుడి మొహం చూసి పొయ్యి ఆపేసింది. అతను లేచి సబ్బు తీసి వాసన చూశాడు. ఉల్లిపాయ కోసి చూశాడు. కిరసనాయిలు డబ్బా మూత తీసి ముక్కు లోపల పెట్టినంత పని చేశాడు. ఆఖరికి భార్య తడిజుట్టు చేతిలోకి తీసుకుని మొహానికి ఆనించుకున్నాడు. నీళ్ళ చల్లదనం తెలిసింది. అంతకు మించి ఏమీ లేదు.

ముక్కు చెవి గొంతు డాక్టరు లైటు వేసి చూసి, "కొందరికి నెలలో తిరిగొస్తుంది, కొందరికి ఏడాది పడుతుంది" అన్నాడు.

"కొందరికి రాదా?"

"కొందరికి రాదు."

బయటికొచ్చాక భార్య అంది, "ఓనరమ్మకి చెప్పేయండి. ఇన్నేళ్ళు పనిచేశారు, ఆవిడ అర్థం చేసుకోదా?"

అతను ఒప్పుకోలేదు. అంతకుముందు అక్కడ మాంసం కోసే మనిషికి చెయ్యి వణకడం మొదలైనప్పుడు ఓనరమ్మ ఎంత మర్యాదగా, ఎంత చల్లగా ఇంటికి పంపేసిందో అతను కళ్ళారా చూశాడు. పైగా ఊళ్ళో తనకున్న పేరే అది. ముక్కు పోయిన ముక్కు మాస్టర్ అంటే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. "వారం చూద్దాం, ఈలోగా వచ్చేస్తుంది" అన్నాడు.

పనికి వెళ్ళిన మొదటిరోజే రెండు బాతులు ఒకవైపు బొగ్గయ్యాయి. మర్నాడు ఒక బల్ల మీంచి కోడి వెనక్కి వచ్చింది. తొడ విరిస్తే ఎముక పక్కన గులాబీరంగు నీరు. ఓనరమ్మ ఆ పళ్ళెం స్వయంగా పట్టుకొచ్చి అతని ముందు పెట్టింది. తెల్లజుట్టు బిగించి ముడి వేసుకునే మనిషి, గొంతు ఎప్పుడూ పెంచదు.

"ఏంటిది మాస్టర్?"

"ఓవెన్ తలుపు సరిగ్గా పడటం లేదమ్మా. వేడి బయటికి పోతోంది."

ఓవెన్లు బాగుచేసే అతన్ని పిలిపించారు. అతను మూడు తలుపులూ తీసి, వేసి, చెయ్యి పెట్టి చూసి, ఏ లోపమూ లేదన్నాడు. మాస్టర్ తల ఊపి, "అయితే కోళ్ళే లావుగా వస్తున్నాయేమో" అని నసిగాడు. ఇన్నేళ్ళలో అతను ఆ వంటింట్లో ఆడిన మొదటి అబద్ధం తలుపు మీద, రెండోది కోళ్ళ మీద. మూడోదానికి ఇక లెక్క చూసుకోలేదు.

ఆ ఆదివారం భార్య ఒక కాగితం తెచ్చింది. ఆమె ఆసుపత్రి చాకిరేవు గదిలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. అక్కడి వంటావిడని అడిగి రాయించుకుంది: ఏ మాంసం ఎంత బరువుంటే ఎంతసేపు కాల్చాలో.

"ఇదిగో, కోడికి అర కిలోకి ఇరవై నిమిషాలు, ఆపైన ఇంకో ఇరవై. గొర్రె తొడకి అర కిలోకి పాతిక, ఆపైన పాతిక. ఇన్నాళ్ళూ మీరెంతసేపు కాల్చేవారు?"

"నాకేం తెలుసే? ఎప్పుడైనా చూస్తేగా!"

ఆ మాట అంటుంటేనే అతనికి తట్టింది. తన చేతి పని తనకే తెలియదు. ముక్కుకి తెలుసు, అది కాస్తా పోయింది.

అప్పట్నించీ ప్రతి ఆదివారం వాళ్ళింట్లో పరీక్షలే. కోడిని తూచడం, ఇంట్లో ఉన్న చిన్న ఓవెన్లో పెట్టడం, ఆమె మోకాళ్ళ మీద నోటుపుస్తకం పెట్టుకుని గడియారం చూస్తూ కూర్చోవడం. కిలోన్నర కోడి గంటా ఇరవై నిమిషాలు. కడుపులో ఉల్లిపాయలు కూరితే ఇంకో పదిహేను. చల్లగదిలోంచి నేరుగా పెడితే ఇంకో పది. బయట అరగంట ఉంచి పెడితే అక్కర్లేదు. రెండు కిలోల బాతు గంటా మూడు పావులు, మధ్యలో రెండుసార్లు చర్మం పొడిచి కొవ్వు వంచెయ్యాలి. పంది భుజానికి మంట తగ్గించి నాలుగు గంటలు, ఆఖరి అరగంట మంట పెంచితే తోలు పెళుసెక్కుతుంది. ఏది తీసినా వెంటనే కొయ్యకూడదు. పావుగంట, ఇరవై నిమిషాలు మూతేసి ఉంచితే లోపలి వేడి ఇంకా నాలుగైదు డిగ్రీలు పెరుగుతుంది, రసం నిలుస్తుంది. సూది లాంటి థర్మామీటరు ఒకటి కొన్నారు. కోడి తొడలో డెబ్బై నాలుగు డిగ్రీలు చూపిస్తే భయం లేదు. దాన్ని అతను చొక్కా చేతి మడతలో దాచుకుని పనికి వెళ్ళేవాడు. ఎవరూ చూడనప్పుడు దొంగలా గుచ్చి, దొంగలా తీసేవాడు.

పళ్ళేలు వెనక్కి రావడం ఆగింది. కానీ అతనికి ప్రాణం కుదుటపడలేదు. అన్నం తడి అట్టముక్కలా ఉండేది. కూరలో ఉప్పు ఉందో లేదో నాలుకకి తెలిసేది, అది ఏ కూరో తెలిసేది కాదు. బెల్టు రెండు బెజ్జాలు లోపలికి వెళ్ళింది. ఒంట్లోంచి చెమట కంపు వస్తోందేమోనని రోజుకి మూడుసార్లు స్నానం చేసేవాడు. ఒకరోజు భార్య పక్కన పడుకుని, "నువ్వు పక్కనున్నట్టే లేదే" అన్నాడు. ఆమె అటు తిరిగి పడుకుంది.

వంటింట్లో ముందుగా కనిపెట్టింది కూరగాయలు తరిగే ఆవిడ. మాస్టర్ ఆమెని చెల్లెమ్మా అని పిలుస్తాడు, ఆమె అన్నయ్యా అంటుంది. ఒకరోజు మసిగుడ్డ జారి బర్నరు అంచున పడి రాజుకుంది. అతని నడుముకి జానెడు దూరంలో పొగలేస్తోంది. అతను తొణకకుండా బాతుకి మసాలా పట్టిస్తున్నాడు. ఆమె చెంబుడు నీళ్ళు విసిరి, అతని మొహంలోకి చూసింది.

"అన్నయ్యా, మీకు వాసన రావటం లేదు కదూ?"

అతను బుకాయిద్దామని నోరు తెరిచాడు.  చేతులకి మసాలా ఉందని కూడా మరిచిపోయి కళ్ళు తుడుచుకున్నాడు. ఇక కళ్ళు మండి, నిజంగానే ఏడిచాడు.

"ఎవరితోనూ అనకు చెల్లెమ్మా. నీకు పుణ్యముంటుంది."

"అననులెండి. మీ టైములు మీరు చూసుకోండి. పొద్దున్నే వచ్చే మాంసం నేను వాసన చూసి చెబుతా. నా ముక్కు మీకు అద్దెకిచ్చాననుకోండి. మీ బాతుల్లో ఒకదాని మెడ నాకు పారేస్తే చాలు."

అలా రెండు నెలలు గడిచాయి.

ఒక బడి వాళ్ళు ప్రధానోపాధ్యాయురాలి పదవీ విరమణకి మధ్యాహ్నం విందు చెప్పారు. అరవై మంది. పన్నెండు గొర్రె తొడలు. ముందురోజు సాయంత్రం కరెంటు పోయి ఐదు గంటలు రాలేదు. "చల్లగది తలుపు ఎవరూ తీయలేదు, చల్లగానే ఉంది" అంది ఓనరమ్మ. మర్నాడు పొద్దున మాస్టర్ వచ్చేసరికి కూరగాయల బల్ల ఖాళీగా ఉంది. చెల్లెమ్మ భర్త నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడట, ఆమె రాదట.

మాస్టర్ తొడలన్నీ చేత్తో తడిమి చూశాడు. జిగురు లేదు. రంగు బాగుంది. ఎవర్నైనా పిలిచి వాసన చూడమందామా అనుకున్నాడు. ఎవర్ని? గిన్నెలు తోమే ముసలాయన ముక్కు నిండా నశ్యమే. వడ్డించే వాళ్ళని పిలిస్తే, ముక్కు మాస్టర్ మమ్మల్ని వాసన చూడమంటున్నాడని క్షణంలో హాలంతా పాకుతుంది. పదింటికి తొడలు ఓవెన్లలోకి ఎక్కించాడు. ఒక్కోటి రెండుంపావు కిలోలు, రెండు గంటలా పదిహేను నిమిషాలు. పన్నెండుంపావుకి తీశాడు. సూది ఎక్కడ గుచ్చినా సరైన వేడే చూపించింది. ఇన్ని నెలల్లో అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. పైన బంగారు రంగు, అంచుల్లో కరకర. మూతలేసి ఉంచి, వడ్డించే వేళ అవ్వగానే రెండు తొడలు కోసి పళ్ళేల్లో సర్ది పంపించాడు.

మూడో తొడ దగ్గర ఎందుకో చెయ్యి ఆగింది. గోడకి వేలాడే ఇనప పుల్ల తీసి ఎముక పక్కగా దింపాడు. బయటికి లాగి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు. ఇంకోసారి. ఏమీ లేదు. ఆ పుల్ల మీద ఏదో రాసి ఉంది, తనకి మాత్రం చదవడం రావటం లేదు.  ఫోను తీసి భార్యకి చేశాడు.

"ఉన్నపళంగా వచ్చెయ్. పరుగెత్తుకురా. వాసన చూడాలి."

ఆమె ఎందుకని అడగలేదు. ఆసుపత్రి రెండు వీధుల అవతలే. వెనక తలుపులోంచి, చేతులకి గంజి, జుట్టు రేగి, రొప్పుతూ వచ్చింది. అతను ఒక్కో తొడలో పుల్ల దింపి ఆమెకి అందించాడు.

"ఇది బాగుంది. ఇదీ బాగుంది." ఆ తరవాతి పుల్లకి ఆమె మొహం వెనక్కి లాక్కుంది. "పులిసిపోయింది. చచ్చిన ఎలుక వాసన."

అతను కోసి పక్కన పెట్టిన రెండు ఎముకలు చూపించాడు. ఆమె వంగి, వెంటనే లేచింది.

"ఇందులో ఒకటి కూడా అంతేనండీ. వడ్డించేశారా?"

అతను నూనె చేతులతో, ఏప్రన్‌తో హాల్లోకి పరుగెత్తాడు. అరవై మంది. ఎవరో ప్రసంగం చేస్తున్నారు. ముందు వరస బల్ల మీదికి పళ్ళేలు వెళ్ళిపోయాయి.

"తినకండి! ఎవ్వరూ తినకండి!"

ప్రసంగం ఆగింది. అతను బల్ల వెంట నడుస్తూ చేతికందిన పళ్ళెమల్లా లాగేసుకున్నాడు. ఒకాయన చేతిలోంచి ముల్లుచెంచా ఊడిపోయింది. ఓనరమ్మ గబగబా వచ్చి అతని జబ్బ పట్టుకుంది.

"మాస్టర్, మతి పోయిందా మీకు?"

"ఎముక దగ్గర చెడిపోయిందమ్మా. నాకు తెలీలేదు. నాకు వాసన రాదు. రెండు నెలల పైనయింది."

ఎవరో కిసుక్కున నవ్వారు. "ముక్కు మాస్టర్‌కి వాసన రాదా?" అని వెనకనించి ఒక గొంతు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. పదవీ విరమణ చేస్తున్న పెద్దావిడ నోరు తుడుచుకుంటూ అతని వంక చూసింది.

"నేను రెండు ముక్కలు తినేశానయ్యా" అంది మెల్లగా.

ఆ విందు రొట్టెతో, బంగాళాదుంపలతో ముగిసింది. సాయంత్రానికి ముగ్గురికి వాంతులు పట్టుకున్నాయి. ఇద్దరు మర్నాటికి తేరుకున్నారు. పెద్దావిడ అతని భార్య పనిచేసే ఆసుపత్రిలో చేరింది. డాక్టరు మొదటి రోజు పెదవి విరిచాడు. వయసు అరవై దాటింది, ఒంట్లో నీరు పోయింది. మాస్టర్ రెండు రోజులు వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపలికి వెళ్ళే ధైర్యం లేదు, ఇంటికి పోయే ధైర్యం అంతకన్నా లేదు. భార్య ఇస్త్రీ మధ్యలో వచ్చి టీ పెట్టి వెళ్ళేది, అది అలాగే చల్లారేది. పెద్దావిడకేమైనా అయితే తను బతకకూడదని ఒక్కసారి కాదు, పదిసార్లు అనుకున్నాడు. ఎలా చావాలో కూడా ఆలోచించాడు. గ్యాసు తిప్పి పడుకుంటే తనకైతే వాసన కూడా రాదు అనిపించి, ఆ ఆలోచనకి తనే హడలిపోయి, లేచి నర్సుల గది ముందు, మనుషులు తిరిగే చోట నిలబడ్డాడు.

మూడోరోజు పొద్దున ఆవిడే లోపలికి పిలిపించింది. దిండుకి ఆనుకుని కూర్చుని గంజి తాగుతోంది.

"కూర్చో. నీకు ముక్కు పోవడం నీ తప్పు కాదు. నిజం చెప్పడానికి రెండు నెలలెందుకు పట్టింది?"

"పని పోతుందని భయమండీ."

"ఇప్పుడు పోలేదా?"

"పోయిందండీ."

"నలభై ఏళ్ళు పిల్లలతో వేగాను. అబద్ధం ఆడిన పిల్లాడి మొహం నాకు తెలుసు. అయినా నిన్న డాక్టరు చెప్పాడు, నువ్వు ఆ పళ్ళేలు లాక్కోకపోతే ఇంకా చాలామంది ఇక్కడుండేవాళ్ళని. నేను నిన్ను క్షమించానో లేదో నాకే ఇంకా తెలీదు. ముందు వెళ్ళి ఏదైనా తిను. చూడలేకపోతున్నా."

ఓనరమ్మ తాళంచెవులు తీసుకుంది. కోప్పడలేదు. "ఓవెన్ దగ్గరికి మాత్రం రావద్దు మాస్టర్" అంది. అతను ఏప్రన్ విప్పి మేకుకి తగిలించి వచ్చేశాడు.

తరవాత నాలుగు నెలలు అతను ఇంట్లోనే. గడ్డం పెరిగింది. డాక్టరు చెప్పినట్టు రోజూ లవంగం, నిమ్మతొక్క ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. ఒకరోజు ఏదో తగిలినట్టనిపించి భార్యని కేకేశాడు. అది లవంగం కాదు, నిమ్మ కాదు, కాలిన రబ్బరులాంటిది. ఆ తరవాత వారం రోజులు ఏది చూసినా ఆ కాలిన రబ్బరే. మళ్ళీ అదీ పోయింది. ఆమె ముద్దలు చేసి పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం చెల్లెమ్మ వచ్చింది. చేతుల మీద కాలిన మచ్చలు, కళ్ళ కింద గుంటలు.

"అన్నయ్యా, కొత్తగా పెట్టిన ఇద్దరూ మానేశారు. ఓవెన్లు నాకు అప్పజెప్పారు. నా వల్ల కావటం లేదు. నాకు వాసన వస్తుంది, కానీ ఏ వాసన రావాలో తెలీదు. నిన్న నాలుగు కోళ్ళు మాడ్చాను. ఓనరమ్మని అడిగే వచ్చాను. పొద్దుట పూట వచ్చి పక్కన కూర్చోండి. ఓవెన్ ముట్టుకోవద్దంది, మాట్లాడొద్దనలేదు."

"నేను రాను చెల్లెమ్మా. ఆ వంటింటి గుమ్మం ఎక్కలేను."

ఆమె కుర్చీలోంచి లేవలేదు. "అయితే నేనూ వెళ్ళను" అని, అతని భార్య తెచ్చిన టీ తాగి, ఇంకో టీ అడిగింది. చీకటి పడబోతుండగా అతను షేవింగ్ సామాను వెతుక్కున్నాడు.

ఇప్పుడతను పొద్దున ఏడింటికి వెళతాడు. స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని టైము చెబుతాడు. మాంసం వచ్చినప్పుడు పుల్ల దింపి ఆమె చేతికిస్తాడు, ఆమె వాసన చూసి తల ఊపుతుంది. తడిబట్ట, కొవ్వు, రొట్టె అంచు అని అతను చెబితే, ఆమె అవునో కాదో చెబుతుంది. ముక్కు మాస్టర్ అని ఎవరూ పిలవడం లేదు, మాస్టర్ అంటున్నారు. కొందరు ఆ విందు గుర్తుండి అసలేమీ అనరు. ముక్కు తిరిగి రాలేదు. వస్తుందా అని అడగడం కూడా మానేశాడు.

మొన్న ఒకరోజు గంటా నలభై ఐదు కాగానే, "బాతు అయింది, తియ్యి" అన్నాడు.

ఆమె తలుపు దగ్గర వంగి ఆగింది. "ఇంకా కాలేదన్నయ్యా."

"టైము అయింది చెల్లెమ్మా."

"అయింది కానీ, వాసన ఇంకా రాలేదు."

 అతను పుస్తకం మూసి, లేచి ఆమె పక్కన నిలబడ్డాడు. ఓవెన్ వేడి మొహానికి కొడుతోంది. ఆమె కళ్ళు మూసుకుని వాసన కోసం చూస్తోంది. అతను ఆమె మొహం కేసే చూస్తూ ఉండిపోయాడు.